వేళ్ల కొసల్లో ఎర్రమచ్చలు

మొదట కుడిచేతి వేళ్ల కొసల్లో వచ్చాయి. చిన్న ఎర్రటి మచ్చలు, నొక్కితే నొప్పి. కొన్నాళ్లకు మాసిపోయేవి, మళ్లీ అరికాళ్లలో లేచేవి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. బరువు తగ్గాను. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో ఎక్కడో వాపు ఉందని సూచించే లెక్క) ఎక్కువుంది.

మా ఊళ్లో డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని కూడా చూడలేదు. "అంట్ల సబ్బు పడలేదమ్మా" అని ఆయింట్‌మెంట్ రాశారు. ఆయాసం వస్తోందంటే "ఆడవాళ్లకు టెన్షన్ ఎక్కువ" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రిని మాత్రం చచ్చేదాకా మర్చిపోలేను. మంచినీళ్లకు లేచాను. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మా ఆయన్ని పిలుద్దామంటే నోరు పెగల్లేదు. చెప్పాల్సింది మనసులో ఉంది, నాలుక తిరగదు. ఆయన లైటు వేసి "ఏమైందే, ఏమైంది" అంటుంటే నా నోట్లోంచి ముద్దముద్దగా ఏవో శబ్దాలు. అత్తయ్య ఆంజనేయస్వామికి మొక్కుకుంటూ నా అరచేతులు రుద్దుతూనే ఉంది. అంబులెన్స్ వచ్చేలోపే మాట తిరిగొచ్చింది. వణుకు తగ్గలేదు.

పెద్దాసుపత్రిలో స్కాన్‌లు అయ్యాక ఒక చిన్న వయసు డాక్టరమ్మ టార్చి వేసి నా వేళ్లు ఒక్కొక్కటే చూసింది. గోళ్ల కింద సన్నటి ఎర్రగీతలు ఆమే చూపించింది. "ఇది చర్మం జబ్బు కాదక్కా. లోపలి నుంచి ఏవో ముక్కలు రక్తంలో కొట్టుకొచ్చి ఇక్కడ ఇరుక్కుంటున్నట్టున్నాయి. గుండె చూద్దాం" అంది.

ఎకోలో, అంటే శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్‌లో, దొరికింది. ఎడమ కర్ణికలో (గుండెలో ఎడమవైపు పై గది), మధ్యగోడకు కాడతో అంటుకుని తాటిముంజలా కదులుతున్న గడ్డ. మిక్సోమా. పెద్దవాళ్లకు గుండెలోనే పుట్టే గడ్డల్లో ఇదే ఎక్కువట, క్యాన్సర్ కాదట. కానీ మెత్తన. ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం, వేళ్లకు పోతే మచ్చలు. జ్వరం, ఈఎస్ఆర్ కూడా దాని పనే.

ఛాతీ తెరిచి, గడ్డను అది అంటుకున్న గోడ ముక్కతో సహా తీసి ప్యాచ్ వేశారు. 1954లో స్టాక్‌హోమ్‌లో క్రాఫోర్డ్ అనే సర్జన్ మొదటిసారి ఇలాంటి గడ్డను తీసి రోగిని బతికించాడట. ఆయనకూ దణ్ణం పెట్టుకున్నాను.

మళ్లీ మచ్చలు రాలేదు. స్వామి మహిమ అంటుంది అత్తయ్య. ఆ డాక్టరమ్మను పంపింది స్వామేనని నేనూ నమ్ముతున్నాను. వేళ్ల మీద ఇలాంటి మచ్చలతో పాటు జ్వరం, ఆయాసం ఉంటే, ఎవరేమన్నా సరే, ఎకో గురించి గట్టిగా అడగండి.

నా పెదాలు, కనురెప్పల మీద నల్లచుక్కల కోసం కూడా వెతికారు. అవి కార్నీ కాంప్లెక్స్ అనే జబ్బుకు గుర్తట. అదైతే వంశంలో వస్తుందట, గడ్డ మళ్లీ మొలవొచ్చట. నాకు చుక్కల్లేవు. మా తమ్ముడి పెదాల మీద ఉన్నాయి. వట్టి పుట్టుమచ్చలే కావచ్చు. ఎకో చేయించుకోరా అంటే "వచ్చే నెల చూద్దాంలే అక్కా" అంటున్నాడు.