ఊగని కెమెరా కోసం వెతుకులాట

వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటే లోపలి చెవి నుంచి మెదడుకు బ్యాలెన్స్ కబురు మోసే నరం వాయడం. చాలావరకు వైరస్ తర్వాత వస్తుందంటారు. నాకదే వచ్చింది, కోలుకునే వారాల్లో ఏ సినిమాలు చూడగలిగానో ఈ కబుర్లు. గది గిర్రున తిరగడం నాకు రెండు రోజులు ఆగలేదు. వినికిడి తగ్గలేదు కాబట్టి, వినికిడిని కూడా దెబ్బతీసే లోపలి చెవి వాపు, అంటే లాబిరింథైటిస్, కాదన్నారు డాక్టరు. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినప్పుడు మాత్రమే వచ్చి, నిమిషంలోపే ఆగిపోయే తల తిరుగుడు వేరే జబ్బు, దాని చికిత్సా వేరు. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, అసలు నిలబడలేకపోయినా స్ట్రోక్ కావచ్చు. అప్పుడు ఇంట్లో కూర్చుని ఆలోచించే పని లేదు, ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

తల తిరుగుడు మాత్రలు మూడు రోజులే వాడమన్నారు. హాయిగా ఉంది కదా అని కొనసాగిస్తే, పాడైన చెవి లేకుండా నెట్టుకురావడం మెదడు నేర్చుకోదు. నాలుగో రోజు నుంచి వ్యాయామం. చెయ్యి చాచినంత దూరంలో కార్డు మీద ఒక అక్షరం పెట్టుకుని, చూపు దాని మీదే నిలిపి, తల కుడికీ ఎడమకీ తిప్పాలి. ఒక్కో విడత నిమిషం. రోజు మొత్తం మీద 12 నిమిషాలు, మూడు నాలుగు పూటలుగా. అందరూ తప్పేది వేగం దగ్గరే. నెమ్మదిగా తిప్పితే చెవికి పనే పడదు, మరీ వేగమైతే అక్షరం అలుక్కుపోతుంది. అలుక్కుపోవడానికి కాస్త ముందున్న వేగమే సరైనది.

సినిమాతో పేచీ ఎక్కడంటే, చెవి మొరాయించాక మెదడు కళ్లనే నమ్ముకుంటుంది. తెర మీద లోకం కదులుతుంటే ఒళ్లు కదలడం లేదు. కడుపులో తిప్పేది అందుకే. అందుకని గదిలో లైటు వెలుగుతూ ఉండాలి, తెర వెడల్పుకు రెండు రెట్లకు తగ్గకుండా దూరం కూర్చోవాలి. తల తిరుగుడుకు 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకున్నాను. మొదలుపెట్టినప్పటికన్నా రెండు మార్కులకు మించి పెరిగితే ఆపేయడం. పావుగంటలో దిగకపోతే మర్నాడు సగం సేపే. సబ్‌టైటిల్స్ కూడా శత్రువే, ముఖానికీ అక్షరాలకూ మధ్య కన్ను గెంతుతూనే ఉంటుంది.

రెండో వారంలో ఫిన్లాండ్ దర్శకుడు కౌరిస్మాకి తీసిన ఫాలెన్ లీవ్స్ (2023). 81 నిమిషాలు, రెండు విడతలు. కెమెరా ఎక్కువగా కూర్చునే ఉంటుంది, మనుషులు పొదుపుగా మాట్లాడతారు. ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం గాలికి పోతుంది, దాని మీద ఏ గోలా ఉండదు. ఈ మధ్య చూసిన ప్రేమకథల్లో నాకు ఇదే ఇష్టం. ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్, ఆష్‌విట్జ్ నాజీ శిబిరం గోడ పక్కనే కాపురమున్న దాని అధికారి కుటుంబం కథ, ఇంట్లో అక్కడక్కడా బిగించిన కెమెరాలతో తీసింది, కళ్లకు సున్నా మార్కుల ఇబ్బంది. గోడ అవతలి శబ్దాలు మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. సౌండ్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

పిల్లి బొమ్మల సినిమా కదా, సుకుమారంగా ఉంటుందిలే అనుకుని ఫ్లో (2024) పెట్టాను. ఏడు నిమిషాలకే 2 నుంచి 6కి వెళ్లింది. లాట్వియా దర్శకుడు జిల్బలోడిస్ కెమెరాను పిల్లి వెనక తేలిస్తూ, షాట్ తెగనీయకుండా లాగుతాడు. పైగా వరద, పడవ. జానర్ పేరు చూసి ఎంచుకోవడం అక్కడితో మానేశాను. కథ ఏదైనా కానీ, కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క.

మూడో వారం అనాటమీ ఆఫ్ ఎ ఫాల్. రెండున్నర గంటల కోర్టు కథ, సాక్షి తర్వాత సాక్షి కాబట్టి అరగంట ముక్కలుగా చూసినా తెగినట్టుండదు. చూపు సరిగా లేని కొడుకు సాక్ష్యం చెబుతుంటే కెమెరా ఆ పిల్లాడి చుట్టూ అటూ ఇటూ ఊగుతుంది, ఇద్దరు లాయర్ల మధ్య నలుగుతున్నాడని తెలిసేలా. సినిమాలో అన్నిటికన్నా పదునైన షాట్ అదే. నా మార్కులు పెంచిందీ అదే.

గాడ్జిల్లా మైనస్ వన్‌కి భయపడ్డాను, అనవసరంగా. నేల మీద జరిగేదంతా యుద్ధం తర్వాతి బతుకుల కథ, నిదానంగా సాగుతుంది. కొయ్య పడవను గాడ్జిల్లా తరిమే సీన్లో మాత్రం టీవీ ఫ్రేము అంచు మీద చూపు పెట్టి గట్టెక్కాను. కదలనిది ఒకటి కంటికి దొరికితే చాలు, ఈ చిట్కా కారులోనూ పనిచేస్తుంది.

ఆరో వారం ఫ్లో మళ్లీ పెట్టాను, ఈసారి మందులా. రోజూ పది నిమిషాలు, మొదట కూర్చుని, తర్వాత గోడ పక్కన నిలబడి. జంతువులు మనుషుల మాటలు మాట్లాడకుండా అంత కథ నడిపించడం గొప్పే.

ట్రయాంగిల్ ఆఫ్ సాడ్‌నెస్ ఎనిమిదో వారం దాకా దాచాను. తుపానులో ఓడ మీద విందు, వాంతులు. ఆ సెట్టును నిజంగానే యంత్రం మీద ఒరిగించి తీశారు. మార్కులు 3, పావుగంటలో 1. దీవికి చేరాక దర్శకుడు సినిమానే సాగదీశాడు, ఆ నీరసం నాది కాదు. చీకట్లో మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇప్పటికీ రెయిలింగ్ వదలను.