రెండు కొండలు లేని కనుమ

మృత సముద్రపు ఒడ్డున, ఏన్ బొకెక్ హోటళ్లకు కొద్ది దూరంలో, ఒక లేపనాల దుకాణం ముందు మా బస్సును ఆపి మమ్మల్ని మూడు గంటల పాటు అక్కడే కూర్చోబెట్టిన రోజునే అక్రబ్బీముకు వెళ్లి తీరాలనే పంతం నాలో పుట్టింది. అమ్మే పిల్ల నా చేతికి నల్ల బురద రాసి, కడిగి, ఎంత మెత్తబడిందో చూడమని నవ్వుతూ అడుగుతుంటే, నా చూపు మాత్రం కిటికీ అవతల దక్షిణంగా పోతున్న 90వ నంబరు రోడ్డు మీదే ఉంది. ఆ రోడ్డు పట్టుకుని గంట సేపు పోతే, బైబిలులో యూదా గోత్రానికి రాసిన దక్షిణ సరిహద్దులో రెండో గుర్తైన ఆ అక్రబ్బీము వస్తుంది. దాన్ని వదిలి మేము బురద డబ్బా 120 షెకెళ్లకు తీసుకోవాలా, రెండు తీసుకుంటే తగ్గిస్తారా అని బేరమాడుతున్నాము.

ఇది 2019 ఫిబ్రవరి నాటి మాట. హైదరాబాదు నుంచి బయలుదేరిన మా పరిశుద్ధ దేశ యాత్ర కార్యక్రమంలో బేత్లెహేము, నజరేతు, కానా, యొర్దానులో బాప్తిస్మం, గలిలయ సముద్రం మీద పడవ ప్రయాణం అన్నీ ఉన్నాయి గాని అక్రబ్బీము లేదు. గుంపును నడిపిస్తున్న అయ్యగారిని అడిగితే, ‘అక్కడ ఏముంది బ్రదర్? గుడి లేదు, సమాధి లేదు, ఏ ప్రవక్తా అక్కడ నిలబడి మాట్లాడలేదు’ అన్నారు. గైడు చెప్పిన కారణం ఇంకొంచెం న్యాయంగా ఉంది: పెద్ద బస్సులను ఆ రోడ్డు మీదికి రానివ్వరు. మరునాడు మా గుంపుకు ఏ కార్యక్రమమూ లేదు కాబట్టి, హోటలు కౌంటరులో చెప్పి దిమోనా నుంచి ఒక టాక్సీ పిలిపించుకున్నాను. 800 షెకెళ్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు పదహారు వేల రూపాయలు. మన తెలుగు బైబిలులో షెకెలును తులం అని రాశారు. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను, దాని ముందున్న పొలాన్ని, ఆ పొలంలోని చెట్లతో సహా నాలుగు వందల తులాల వెండికి కొన్నాడు. నా ఒక్క పూట టాక్సీకి అంతకు రెండింతలు పడింది.

మక్పేలా ఊరకే గుర్తు రాలేదు. మా నాయన రాయచోటి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసినవారు. బైబిలులో మొదటి భూమి రిజిస్ట్రేషను మక్పేలాదే అనీ, గుహ, పొలం, చెట్లు, హద్దులు, సాక్షులు అన్నీ అందులో సక్రమంగా ఉన్నాయనీ ఆయన వాదన. రాత్రి కుటుంబ ప్రార్థనలో యెహోషువ గ్రంథం పదిహేనో అధ్యాయం వచ్చిందంటే, మిగతా ఇళ్లలో దాటేసే ఆ పేర్ల వరుసను ఆయన నిదానంగా, రెండోసారి కూడా చదివేవారు. ఉప్పు సముద్రపు దక్షిణ కొస, అక్కడి నుంచి అక్రబ్బీము, సీను, కాదేషు బర్నేయ, ఆపైన ఐగుప్తు ఏరు, చివరికి సముద్రం. అది ఆయన చెవికి చెక్కుబందీలాగే వినిపించేది. దక్షిణం వంక, పడమర బండ్ల బాట, ఉత్తరం ఫలానా వారి చేను అని తాను రోజూ రాసేదానికీ దానికీ తేడా లేదనేవారు. ‘ఒక్క కొలతైనా లేదు చూడు. గుర్తులు గట్టియైతే కొలతలతో ఏం పని?’ అని మాకు చూపించేవారు. సర్వే పటంలో గీత మలుపు తిరిగిన చోటల్లా ఒక రాయి ఉండాలి. సంఖ్యాకాండం 34వ అధ్యాయంలో సరిహద్దు సరిగ్గా అక్రబ్బీము దగ్గరే తిరుగుతుంది కాబట్టి, ఆయన దృష్టిలో అక్రబ్బీము దేశమంత పొలానికి పాతిన హద్దురాయి.

ఆ పేరుకు అర్థం తేళ్లు అని సండే స్కూలు టీచరు చెప్పినప్పుడు మాకెవరికీ వింతగా తోచలేదు. మా చేని హద్దురాళ్ల కింద ఎప్పుడూ తేళ్లే ఉండేవి. కట్టెతో తట్టకుండా రాయి మీద చెయ్యి వేస్తే నాయన కేకలు వేసేవారు.

టాక్సీ నడిపే పెద్దాయన డెబ్బై ఏళ్లు దాటినవాడు, సన్నగా, తలకు చిన్న టోపీతో ఉన్నాడు. నేను భారతదేశం నుంచి వచ్చానని తెలియగానే హిందీలోకి దిగాడు. కొంకణ ప్రాంతపు బెనె ఇజ్రాయెల్ యూదుల కుటుంబం వారిది. తనకు ఎనిమిదేళ్లున్నప్పుడు తల్లిదండ్రులు బొంబాయి నుంచి ఇక్కడికి వచ్చారట. దిమోనాలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. కొంకణంలో తమవాళ్లు గానుగ ఆడించి నూనె తీసేవాళ్లనీ, శనివారం పని మానేస్తారు కాబట్టి ‘శనివార్ తేలీ’ అని పిలిచేవాళ్లనీ చెప్పాడు. మన భాషలో తేలు అంటే ఏమిటో, ఇప్పుడు మనం పోతున్నది ఎక్కడికో కలిపి చెప్పాను. ఆయన స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్విన నవ్వు కారులో చాలా సేపు నిలిచింది.

ఏన్ బొకెక్ దాటగానే నాయన చెక్కుబందీలో మొదటి గుర్తే నన్ను తికమక పెట్టింది. ఉప్పు సముద్రపు దక్షిణ కొస అనేది ఇప్పుడు సముద్రం కాదు. ఉత్తర భాగంలో నీరు ఏటా ఇంచుమించు మీటరు చొప్పున తగ్గిపోతుంటే, దక్షిణ భాగం ఏనాడో ఎండిపోవలసినది. పొటాషు కర్మాగారం కోసం కాలువ తవ్వి, నీళ్లు తోడి, గట్లు కట్టి మడులుగా నింపారు. మా హోటలు ముందు యాత్రికులు తేలుతున్నదీ అలాంటి మడిలోనే. కట్ట కట్టిన చెరువును హద్దుగా రాసినప్పుడు వచ్చే చిక్కు ఇదేనని నాయన అనేవారు. చెరువు ఎండితే హద్దు కూడా వాదనలోకి దిగుతుంది.

హత్సెవా దగ్గర పెద్ద రోడ్డు వదిలి 227వ నంబరు రోడ్డులోకి తిరిగాము. అక్కడక్కడ తుమ్మచెట్ల లాంటివి తప్ప పచ్చదనం లేదు. వెడల్పైన ఇసుక ఏరు అడ్డం వచ్చినప్పుడు పెద్దాయన ‘త్సిన్’ అన్నాడు. ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసిన అరణ్యం ఇదేనా అని నేను ఆత్రంగా అడిగితే, కాదన్నాడు. మన్నా కురిసింది ఐగుప్తు నుంచి బయలుదేరిన కొత్తలో, సీనాయి దారిలో ఉన్న ఇంకో అరణ్యంలో. హెబ్రీలో ఆ రెండు పేర్లూ వేరు వేరు అక్షరాలతో మొదలవుతాయి. మన తెలుగు బైబిలులో రెండూ సీనే. మోషే అక్క మిర్యాము చనిపోయిన సీను, మోషే పంపిన వేగులవారు దేశాన్ని చూడడం మొదలుపెట్టిన సీను ఇది. రెండు సర్వే నంబర్లకు ఒకే పేరు రాసిన దస్తావేజు నాయన చేతికి వచ్చి ఉంటే వెనక్కి పంపేవారు. బైబిలు కాబట్టి ఇన్నేళ్లు ఆయనా, నేనూ మన్నాను తప్పు ఏటిలో కురిపించుకుంటూ వచ్చాము.

ఇక కనుమ కోసం చూడడం మొదలుపెట్టాను. మా ఇంట్లో అందరం దాన్ని అక్రబ్బీము కనుమ అనేవాళ్లం. కడప నుంచి రాయచోటికి వచ్చేవాడికి కనుమ అంటే గువ్వలచెరువు ఘాటే కదా: అటొక కొండ, ఇటొక కొండ, నడుమ సందు, ఆ సందులో మెలికలు తిరిగే రోడ్డు, దాటగానే కోవా అంగళ్లు. అందుచేత నేను ముందున్న కొండలలో సందు ఎక్కడుందా అని వెతుకుతున్నాను. సందు లేదు. ఎదురుగా ఈ కొస నుంచి ఆ కొసకు గోధుమ రంగు గోడ నిలబడి ఉంది, అంతే. ‘కనుమ ఎక్కడ?’ అని అడిగితే, పెద్దాయన గోడ పైకి వేలు చూపించి, ‘దర్రా నహీ హై, మఆలె హై’ అన్నాడు. దర్రా అంటే కనుమ, మఆలె అంటే ఎక్కే చోటట. ‘మా అమ్మానాన్నలు బొంబాయి వదిలి ఇక్కడికి రావడాన్ని అలియా అంటాం. అదీ ఈ ఎక్కడమే, ఒకటే మాట’ అని వివరించాడు.

నలభై ఏళ్లుగా నా మనసులో ఉన్న రెండు కొండలు ఆ మాటతో పోయాయి. కొండల నడుమ సందైతే సరిహద్దు దానిలోంచి పోతుంది, దాటినవాడు ఇవతలి నుంచి అవతలికి పోతాడు. ఇది అలాంటిది కాదు. కింద అరాబా లోయ, పైన బెయేర్షెబా వైపు సాగే మెట్టనేల. రెండింటికీ మధ్య నేలే ఒక మెట్టు ఎక్కింది. ఆ మెట్టును మనిషీ గాడిదా ఎక్కగలిగిన చోటుకు పేరు పెట్టి హద్దుగా రాశారు. న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయంలో అమోరీయుల సరిహద్దును చెప్పేటప్పుడు కూడా ఈ ఎక్కుడు నుంచే మొదలుపెట్టారంటే, చేతులు మారినా ఈ నేలకు గుర్తు మారలేదన్నమాట.

రోడ్డు బ్రిటిష్ వాళ్ల కాలంలో 1920లలో వేసినది. ఒక కారు పోతుంటే రెండోది ఆగాలి. మలుపుల అంచున గోడలకు బదులు రాళ్లూ కాంక్రీటూ నింపిన పాత ఇనుప పీపాలు నిలబెట్టారు. తుప్పుకు కొన్నిటి రేకు ఊడిపోయి, లోపలి కాంక్రీటు పీపా ఆకారంలోనే నిలిచి ఉంది. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో నేను కళ్లు మూసుకున్నాను. గువ్వలచెరువు ఘాటులో లారీల వెనక ఊపిరి బిగబట్టిన రోజులున్నాయి గాని, అక్కడ పడితే చెట్టైనా పట్టుకుంటుందన్న ధైర్యం ఉండేది.

సగం పైన ఒక స్మారకం దగ్గర పెద్దాయన కారు ఆపి, టోపీ సవరించుకుని, కాసేపు మౌనంగా నిలబడ్డాడు. 1954 మార్చి 17న ఎయిలాతు నుంచి ఈ దారిన వస్తున్న బస్సు మీద దాడి చేసి పదకొండు మందిని చంపారు. ఎయిలాతు పోవడానికి అప్పట్లో ఇదే ముఖ్య మార్గం. తరువాత వేరే రోడ్లు వేశాక ఇది ఇలా ఖాళీ అయిపోయింది. దాని గురించి ఆయన అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

పైకి చేరాక కారు దిగి నడిచాము. శిఖరం మీద కూలిపోయిన రోమను కావలి కోట రాళ్ల కుప్పగా ఉంది. అక్కడి నుంచి రోమన్ల నాటి బాట మొదలవుతుంది. వాళ్లూ ఈ గోడను ఎక్కడానికి ఇదే చుట్టుపక్కల చోటు ఎంచుకుని, మామ్‌షిత్ పట్టణం నుంచి అరాబాకు దారి వేసి, నిటారుగా ఉన్న చోట బండను తొలిచి మెట్లు పెట్టారు. నేను ఇరవై మెట్లు దిగాను. ఒక్కో మెట్టు జానెడు ఎత్తు కూడా లేదు, అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. బరువు మోసే పశువు కాలు మడిచి ఎక్కడానికి వీలుగా కొలిచి చెక్కినట్టుంది. మోషే కాలపు బాట సరిగ్గా ఈ మెట్ల కిందే ఉందని ఎవరూ ప్రమాణం చేయలేరు, పండితులలో వేరే చోట్లు చూపినవారూ ఉన్నారు. ఆ మెట్టు మీద నా చెప్పు పెట్టినప్పుడు మాత్రం నాకు ఆ వాదనలతో పని లేకపోయింది.

కూర్చునే ముందు అలవాటు కొద్దీ ఒక పలక రాయిని కట్టెతో తట్టి, ఒక అంచు లేపి చూశాను. కింద పొడి మట్టి, నూలు పోగంత సన్నని ఒక ఎండు వేరు ఉన్నాయి. తేలు లేదు. చలికాలంలో అవి లోతుకు పోతాయని పెద్దాయన నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పి, స్టీలు డబ్బా మూత తీశాడు. లోపల అటుకుల చుడువా ఉంది, పల్లీలు, కరివేపాకుతో సహా. కరివేపాకు పెరటిదేనట. హోటలులో 18 షెకెళ్లు పోసి తాగిన కాఫీ, వారం రోజులుగా తింటున్న దోసకాయ ముక్కలు, చల్లని చీజు అన్నీ ఆ గుప్పెడు చుడువాతో మరిచిపోయాను. తూర్పున అరాబా అవతల ఎదోము కొండలు, అంటే నేటి జోర్దాను కొండలు, ఎర్రగా తేలి ఉన్నాయి. పక్క చేని వారి పేరు కూడా దస్తావేజులో ఉంది మరి: దక్షిణపు హద్దు ఎదోము పొలిమేరను ఆనుకుని ఉంటుందని రాశారు.

తిరుగు దారిలో మామ్‌షిత్ శిథిలాలను చూశాము గాని, ప్రపంచ వారసత్వ స్థలమైనా నా మనసు దాని మీద నిలవలేదు.

హోటలు చేరాక నాయనకు ఫోను చేశాను. ఎనభై ఆరేళ్లు, వినికిడి తగ్గింది గాని లెక్క తగ్గలేదు.

‘కనమ చూసినావా? యాడుంది, రెండు కొండల నడుమనేనా?’

‘కొండలు రెండు లేవు నాయనా, ఒకటే. గోడ మాదిరి ఉంది. కనమ కాదంట, ఎక్కే చోటంట.’

కొంతసేపు మాట లేదు. తరువాత, ‘అయితే మంచిదే. సందు పూడిపోతుంది, గోడ యాడికి పోతుంది?’ అన్నారు. సీను సంగతి చెప్పాను. అది మాత్రం నమ్మలేదు, నేను తిరిగి వచ్చాక బైబిలు తెరిచి చూద్దామన్నారు. సముద్రపు కొస ఎండిపోయిందంటే నొచ్చుకున్నారు. చివరికి, చెక్కుబందీ నాలుగు పక్కలా చదివి చూసుకోనిదే సంతకం పెట్టని మనిషి కాబట్టి, తెలిసిన సంగతే అయినా మళ్లీ అడిగారు.

‘పడమర ఏముందన్నావు?’

‘పెద్ద సముద్రం, నాయనా.’

‘ఆ పక్క తగువు లేదులే’ అని ఫోను పెట్టేశారు.