విశాఖ వీధుల్లో నేను గీసిన సర్క్యూట్

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ రేసు కార్లు పరుగెత్తినప్పటి నుంచి, ఏ ఊరి మ్యాప్ చూసినా నా కన్ను ముందుగా మలుపులనే వెతుకుతోంది. ఈ మధ్య విశాఖకు నేనే ఊహించి గీసిన రేసు సర్క్యూట్ మీద మనసు పారేసుకున్నాను. అది కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలై, సముద్రాన్ని కుడివైపు ఉంచుకుని బీచ్ రోడ్డు వెంట సాగి, చినవాల్తేరు వైపు ఎత్తెక్కి, పాండురంగాపురం వాలు మీదుగా మళ్లీ తీరానికి దిగుతుంది. ఆ వాలు చివర బ్రేకు వేయగానే కారు బరువు ముందు చక్రాల మీదికి ఒరిగి వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. కారు అదుపు తప్పితే ఆగడానికి అక్కడ చోటు లేదు కనుక, మలుపుకు ముందే ఒక చికేన్, అంటే వేగం తగ్గించే చిన్న వంకర మలుపుల జత, పెట్టాను. మ్యాన్‌హోల్ మూతలన్నిటినీ వెల్డింగ్‌తో బిగించాల్సిందే. 2023లో లాస్ వేగస్‌లో ఊడిన ఇలాంటి మూతే ఫార్ములా వన్ డ్రైవర్ సైన్జ్ నడుపుతున్న ఫెరారీ అడుగుభాగాన్ని చీల్చేసింది.