ఊరికే కూర్చోవడానికి ఒక చోటు

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు మేస్త్రీ దగ్గర ఒక బట్టల సంచీ, చొక్కా జేబులో కొలత టేపు ఉన్నాయి. నా చేతిలో చుట్టిన ప్లాను కాగితం. మా ఊళ్లో రచ్చబండ ఉన్న స్థలంలో కట్టబోయే సామాజిక భవనం ప్లాను అది. ముందంతా అద్దాలు, హాలుకి ఏసీ, ఫాల్స్ సీలింగు, చుట్టూ కాంపౌండు గోడ, పెద్ద గేటు. మూలనున్న వేపచెట్టు మీద ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు. అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు డబ్బు పంపిస్తున్నారు. వాళ్లది మంచి మనసు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఇంటూ గుర్తు చూసిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. మొదటి ఏడాది ఇంట్లో ఉండలేకపోయాను. ఎవరింటికైనా వెళ్తే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో వాళ్లకీ తోచదు, నాకూ తోచదు. గుడికి వేళలున్నాయి. కల్యాణ మండపానికి పెళ్లి లేని రోజు తాళం. డాక్టరు గారు మాత్రలు రాసి, "నలుగురిలోకి వెళ్తూ ఉండండి" అన్నారు. మంచి మాటే. ఆ నలుగురూ ఎక్కడుంటారు? చివరికి రోజూ సాయంత్రం కాలవ మీది కల్వర్టు గట్టున కూర్చునేవాణ్ణి. వచ్చేపోయేవాళ్లు కనపడతారు. పలకరించాలనిపిస్తే పలకరించవచ్చు, లేకపోతే ఊరుకోవచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఊరు మొత్తమ్మీద అలాంటి చోటు అదొక్కటే మిగిలిందని నాకు అప్పుడు తెలిసింది. నా మనసు కాస్త కుదుటపడింది ఆ సిమెంటు గట్టు మీదే.

విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివిన నా పాత విద్యార్థి ఒకడికి ప్లాను చూపిస్తే, "మాస్టారూ, మీరొకసారి తిరువనంతపురం వెళ్లి లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు కట్టిన భవనాలు చూసి రండి" అన్నాడు. మేస్త్రీ కూడా ఏడో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. సంగతి చెప్పగానే బయల్దేరాడు. "అద్దాలు వద్దంటే సరిపోదు కదండీ మాస్టారూ. వాటి బదులు ఏం పెట్టాలో నేను చూడాలిగా."

రైల్లో వాడికి బేకర్ కథ చెప్పుకుంటూ పోయాను. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనాలో కుష్ఠు రోగులకు సేవ చేశాడు. తిరిగి వెళ్తూ బొంబాయిలో ఓడ కోసం ఆగినప్పుడు గాంధీజీని కలిశాడు. గుడ్డపీలికలతో కుట్టుకున్న ఆయన చెప్పులు చూసి గాంధీజీ ముచ్చటపడ్డారట. అక్కడ మేస్త్రీ నవ్వి, "అయితే మనవాడే" అన్నాడు. ఇంటికి కావాల్సిన సామాను అయిదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీజీ మాట బేకర్ జీవితాంతం పట్టుకున్నాడు.

నన్ను పట్టి ఆపింది ఇంకో సంగతి. 1945లో ఆయన మన దేశానికి తిరిగి వచ్చింది కుష్ఠు రోగుల ఆశ్రమాలను వైద్యశాలలుగా మార్చే పని మీద. మనుషుల్ని ఊరికి దూరంగా పెట్టి, చచ్చేదాకా అక్కడే ఉండమని కట్టిన కట్టడాలవి. మందులు వచ్చాయి, జబ్బు నయమవుతోంది. ఇక ఆ గోడలు అలాగే ఉంటే కుదరదు. రోగి బాగుపడి బయటికి నడిచి వెళ్లే చోటుగా వాటిని మార్చాలి. ఆయన ఇక్కడ మొదట చేసిన పని అదీ. ఆ తర్వాత ఎలిజబెత్ అనే డాక్టరును పెళ్లి చేసుకుని, హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర పదహారేళ్లు ఉండి, చివరికి కేరళ చేరాడు. 1989లో భారత పౌరసత్వం వచ్చింది, 1990లో పద్మశ్రీ. 2007లో తిరువనంతపురంలోనే కన్నుమూశాడు.

మర్నాడు సాయంత్రం బండి దిగి స్టేషన్ బయటికి రాగానే బేకర్ కట్టిన తంపానూరు ఇండియన్ కాఫీ హౌస్ కనపడింది. ఎర్ర ఇటుకల గుండ్రటి బురుజులా ఉంది. లోపల అంతస్తులు లేవు. గుమ్మం నుంచి పైదాకా ఒకటే ఏటవాలు దారి, నత్తగుల్లలా చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది. బయటి గోడ పొడవునా గట్లు, బల్లలు కట్టుబడిలోనే కలిపేశారు. గోడలో చిన్న చిన్న కిటికీ కన్నాలు. తలపాగా పెట్టుకున్న సర్వరు బీట్‌రూట్ కూర పెట్టిన మసాలా దోశ తెచ్చాడు. మాకు కొంచెం ఎగువన ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు. పైకి వెళ్లేవాళ్లంతా ఆయన పక్కనుంచే నడవాలి, దిగేవాళ్లూ అంతే. ఇద్దరు ముగ్గురు తలూపి వెళ్లారు. ఆయన కూడా తలూపి మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు. ఒక్కడే ఉన్నాడు గానీ ఒంటరిగా లేడు. ఆ దారి అలా కట్టకపోయి ఉంటే, ఆయన ఏదో మూల బల్ల దగ్గర గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

తెల్లవారి ఉళ్లూరు వెళ్లాం. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ అక్కడే ఉంది. ముందే అనుమతి అడిగి పెట్టుకున్నాం. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ పెట్టిన పరిశోధన సంస్థ ఇది. అప్పటి ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ అండగా నిలిచారు. 1971లో ఈ ఆవరణ కట్టే పని బేకర్‌కి అప్పగించారు. సుమారు పదెకరాల గుట్ట నేల. గుట్టను చదును చెయ్యలేదు, చెట్లు కొట్టలేదు. నేల ఎటు వంగితే గోడ అటు వంగింది. చెట్టు అడ్డొస్తే గోడే పక్కకి తప్పుకుంది. ఇది విన్నప్పుడు నమ్మలేదు. కళ్లారా చూశాక సంచీలోంచి మా ప్లాను తీసి ఆ ఇంటూ గుర్తు మేస్త్రీకి మళ్లీ చూపించాను. వాడేం మాట్లాడలేదు.

వాడి కళ్లు గోడ మీదున్నాయి. ప్లాస్టరింగు లేదు, రంగు లేదు. ఉత్త ఇటుక, మధ్యలో గీతల్లా ఇటుకల్ని అతికించే మాలు. గోటితో మాలు గీకి చూశాడు. ఇటుకల వరస లెక్కపెట్టాడు. కాసేపటికి, "మాస్టారూ, ఇటుక పడుకోబెట్టలేదండీ, నిలబెట్టాడు" అన్నాడు. దీన్ని రాట్ ట్రాప్ బాండ్ అంటారు, అంటే ఎలుకబోను కట్టుబడి. ఇటుకను అంచు మీద నిలబెట్టి కడితే తొమ్మిదంగుళాల గోడ లోపల డొల్ల మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, మాలు కూడా కలిసొస్తుంది. లోపలున్న గాలి ఎండ వేడిని ఇవతలికి తొందరగా రానివ్వదు. మేస్త్రీ నేల మీద పుల్లతో గీసి లెక్క కట్టాడు. "మన దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద ఇటుకలతో కూడా అవుద్దండీ."

స్లాబు సంగతి నేను చెప్పాను. స్లాబులో కింది సగం కాంక్రీటు బరువు మొయ్యదు, ఇనుముని పట్టుకుని ఉంటుందంతే. ఆ చోట కాంక్రీటు బదులు పాత మంగుళూరు పెంకులు పెట్టాడు బేకర్. సిమెంటు తగ్గింది, బరువు తగ్గింది. వాడు తలెత్తి చాలాసేపు చూశాడు. "మా నాన్న ఇల్లు పడగొట్టినప్పుడు పెంకులన్నీ రోడ్డు గుంటల్లో పోశామండీ" అన్నాడు నెమ్మదిగా.

నేను ఎక్కువసేపు గడిపింది జాలీ గోడ దగ్గర. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు వదిలి కట్టిన గోడ. లోపల నీడ. ఎండ చిన్న చిన్న పలకలుగా నేల మీద పడి, పొద్దు కదిలే కొద్దీ జరుగుతోంది. గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఒక ఎండ పలక నా చెప్పు మీదినుంచి జరిగి పక్క రాయి మీదికి వెళ్లింది. అవతల మనిషి నడుస్తుంటే ఒక్కో కన్నంలోంచి చీర రంగు కొంచెం కొంచెంగా కనపడింది. ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, వాళ్లు మాత్రం మనల్ని తేరిపార చూడలేరు. దిగులుగా ఉన్నప్పుడు మనిషికి సరిగ్గా ఇంత మరుగు కావాలి. తలుపేసుకుంటే మరీ ఒంటరి, నడివీధిలో కూర్చుంటే అందరి కళ్లూ మనమీదే. అద్దాల గోడలో ఈ మధ్యరకం దొరకదు. ఒక చోట ఇలాంటి గోడ నీటి గుంట చుట్టూ ఉంది. నీటి మీదినుంచి చల్లబడ్డ గాలిని లోపలికి లాగుతుంది, కరెంటు ఖర్చు లేకుండా.

చెట్టు కనపడడం గురించి ఒక పరిశోధన చదివాను. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు పరిశీలించి 1984లో ప్రచురించాడు. వయసూ మిగతా వివరాలూ కలిసేలా 23 జతలు. జతలో ఒకరి కిటికీలోంచి చెట్లు కనపడతాయి, రెండోవారికి ఇటుక గోడ. చెట్లు కనపడినవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. ఇటుక గోడ మనిషిని ఆలస్యంగా ఇంటికి పంపింది అని చదివి, ఇక్కడ ఇటుక గోడ ముందు గంటసేపు హాయిగా కూర్చున్నాను. తేడా ఆ కన్నాల్లోనే ఉందనుకుంటాను. ఈ గోడ చెట్టుని దాచదు.

ఏడంతస్తుల లైబ్రరీ ఆవరణ మధ్యలో ఎత్తుగా కనపడుతుంది. దాన్ని బయటినుంచే చూశాం. మెట్ల దగ్గర, గోడల వంపుల్లో కూర్చునే గట్లున్నాయి. ఒక అమ్మాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. మేస్త్రీ కాస్త దూరంగా ఉన్న గట్టు ఎత్తు టేపుతో కొలిచాడు, తర్వాత జానతో కూడా. "రెండు జానలండీ. మన ముసలోళ్లకి మూడు వేళ్లు ఎక్కువ పెట్టాలి, లేకపోతే లేవలేరు." మా ఊరి ఇళ్లకి అరుగులుండేవి. రోడ్డు వెడల్పులో కొన్ని పోయాయి, కార్లకి చోటు కోసం కొన్ని పోయాయి. వాటితో పాటు సాయంత్రం పూట మా అమ్మ ఈడువాళ్లు బయట కూర్చోవడం కూడా పోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మేస్త్రీ అడ్డం తిరిగాడు. నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. "బాగుందండీ. కానీ మాస్టారూ, మే నెలలో మన దగ్గర పడమటి వడగాలికి ఈ కన్నాల గోడ పెడితే లోపల మనుషులు ఉడికిపోతారు. వాన జల్లు కూడా లోపలికొస్తది. దోమల సంగతి చెప్పనే అక్కర్లా. పైగా మనది నల్లరేగడి, ఎండితే పగుళ్లు, తడిస్తే ఉబ్బు. పునాది సరిగా లేకపోతే వంపు గోడ చీలిపోద్ది." అంతా నిజం. కొన్ని గోడల అడుగున నాచు పట్టడం నేనూ చూశాను. బేకర్ గోడని ఎత్తుకెళ్లి తెనాలి పక్కన నిలబెడితే అది బేకర్ పని అవదు. ఆయన చేసింది ఆ నేలనీ ఆ వాననీ చూసి కట్టడం. అక్కడే కూర్చుని ఇద్దరం మా ప్లాను వెనకవైపు గీశాం. పడమటికి మందం గోడ, దాని ముందు లోతైన వసారా. జాలీ దక్షిణానికి, సాయంత్రం పైరగాలి వచ్చే వైపు, లోపల మూసుకోవడానికి చెక్క తలుపులు. కాంపౌండు గోడ లేదు. హాలుకి తాళం ఉంటే ఉండనీ, వసారాకి మాత్రం తాళం లేదు.

ఊరొచ్చాక కమిటీ ముందు పెట్టాం. రెండు సాయంత్రాలు వాదన జరిగింది. జిగేల్మనే అద్దాలు లేకపోతే డబ్బిచ్చిన పిల్లలకి ఫొటోలో ఏం కనపడుతుందని ఒకరన్నారు. ఆ మాటని తీసిపారెయ్యలేను. వాళ్ల కష్టార్జితం, వాళ్లకీ చూసుకోవాలని ఉంటుంది. పిల్లలతో వీడియో కాల్ పెట్టి, నా కల్వర్టు సంగతి మొత్తం చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ఒకబ్బాయి, "మాస్టారూ, మా నాన్న కూడా ఇప్పుడు రోజంతా గదిలోనే ఉంటున్నాడండీ" అన్నాడు. చెట్టు ఉంచడానికి, వసారాకి తాళం వెయ్యకపోవడానికి ఒప్పుకున్నారు. అద్దాల సంగతి ఇంకా తేలలేదు.

మేస్త్రీ మాత్రం ఆగలేదు. మర్నాడే వేపచెట్టు కింద మాలు లేకుండా ఉత్త ఇటుకలు పేర్చాడు, ఒకటి రెండు జానల ఎత్తు, ఇంకొకటి దానికి మూడు వేళ్లు ఎక్కువ. ఏది సుఖంగా ఉందో నన్ను కూర్చుని చెప్పమన్నాడు. ఎత్తుదే బాగుందన్నాను. మరుసటి రోజు సాయంత్రం ఆ ఇటుకలు తీసేద్దామని ఇద్దరం వెళ్తే, ఎదురింటి నాయనమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పక్కన ఇంకొకావిడ నిలబడి ఏదో చెబుతోంది. మేస్త్రీ ఖాళీ తట్ట పక్కన పెట్టి, చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు.