రెండు తాళాల పార్కు: నా అనుభవం

మా గల్లీకీ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ మధ్య ఒక పార్కు ఉంది. రెండెకరాలకు కాస్త తక్కువ. స్థలం కాలేజీది, గోడ కట్టి, బాట వేసి, బెంచీలు పెట్టింది మున్సిపాలిటీ. పొద్దున, సాయంత్రం ఊరి జనానికి, మధ్యాహ్నం కాలేజీ పిల్లలకు అని ఏర్పాటు. మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, ఊరి పేరు రాయడం లేదు. ఎవరినీ రచ్చకీడ్చాలని నాకు లేదు, ఇలాంటి చిక్కులో ఉన్న ఇంకో కాలనీ వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు రోజూ అరగంట నడవమన్నారు. రోడ్డు మీద ఆటోలు, బండ్ల మధ్య ఆమె నడవలేదు. అందుకే చెయ్యి పట్టుకుని పార్కుకు తీసుకెళ్లేదాన్ని. ఆదివారం వచ్చిందంటే గేటు తెరుచుకునేది కాదు. గేటు గొలుసుకు రెండు తాళాలు ఉండేవి, ఒకటి మున్సిపాలిటీది, ఒకటి కాలేజీది. రెండూ తీస్తేనే గొలుసు వస్తుంది. ఆదివారం కాలేజీ వాచ్‌మన్‌కు సెలవు. మాలి తన తాళం తీసి కూడా లోపలికి పంపలేక నిలబడేవాడు. అత్తమ్మ కాసేపు గేటు పట్టుకుని నిలుచుని, "పోదాం పా బిడ్డా" అనేది.

ఆ వేసవిలో బోరు మోటారు కాలిపోయింది. రెండు వారాలకే గడ్డి ఎండి గరుకుగా అయింది. గన్నేరు ఎలాగో తట్టుకుంది, నందివర్ధనం ఆకులు ముడుచుకుపోయాయి. మాలి పెద్దాయన కాలేజీ ల్యాబు వెనక ఉన్న నల్లా నుంచి రెండు బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి, అంతకుముందు ఏడాది నాటిన కానుగ మొక్కలకు మాత్రం పోసేవాడు. పదమూడు మొక్కలు. ఒక్కోదాని మొదట్లో ఎండుటాకులు పరిచి, వాటి మీద చెంబుతో కొంచెం కొంచెంగా పోసేవాడు, నీళ్లు పక్కకు పారకుండా. "అన్నిటికీ నాతోని కాదమ్మా. ఇవి నా చేత్తో పెట్టినవి" అన్నాడు. అరవై దాటిన మనిషి. ఆ మాట విన్నాక ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాను.

మొదట మున్సిపాలిటీకి వెళ్లాను. మోటారు కాలేజీ మీటరు మీద నడుస్తుంది కాబట్టి రిపేరు వాళ్లదే అన్నారు. కాలేజీకి వెళ్తే, పార్కు మున్సిపాలిటీది, మా బడ్జెట్‌లో దానికి హెడ్డే, అంటే ఖర్చు రాసే పద్దే లేదు అన్నారు. రెండు చోట్లా మర్యాదగానే మాట్లాడారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి, లైన్లో నిలబడి అర్జీ ఇచ్చాను. అది తిరిగి మున్సిపాలిటీకే వెళ్లింది. కొన్నాళ్లకు "కాలేజీకి సంబంధించిన విషయం" అని రాసి మూసేశారు. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మా గల్లీలో రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన బాబాయి ఒకాయన ఉన్నారు. నా అర్జీ చదివి, "పార్కు బాగుచేయండి అని రాశావు కదమ్మా, ఎవరు చేయాలో అందులో లేదు. ముందు అది రాసున్న కాగితం ఎక్కడుందో పట్టుకో" అన్నారు. నా పని దారిలో పడింది అక్కడినుంచే.

సమాచార హక్కు చట్టం కింద రెండు ఆఫీసులకూ విడివిడిగా దరఖాస్తు పెట్టాను. ఒక్కోదానికి 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. ఎందుకు చేయలేదు, ఎప్పుడు చేస్తారు లాంటి ప్రశ్నలు వద్దని బాబాయి చెప్పారు. ఉన్న రికార్డు మాత్రమే అడగాలి. అందుకే స్థలం ఇచ్చినప్పటి ఒప్పందం, పార్కు మీద మూడేళ్ల ఖర్చు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉందో చూపే బిల్లు, ఈ మూడింటి నకళ్లు అడిగాను. సమాచారం వేరే ఆఫీసులో ఉంటే దరఖాస్తును 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలని సెక్షన్ 6(3) చెబుతుంది. "మా దగ్గర లేదు, వెళ్లండి" అనే జవాబు రాకుండా ఆ సెక్షన్‌ను దరఖాస్తులోనే రాశాను. జవాబుకు గడువు 30 రోజులు.

మున్సిపాలిటీ నుంచి ఖర్చుల వివరాలు వచ్చాయి గానీ ఒప్పందం దొరకలేదన్నారు. అది కాలేజీ బీరువాలో బయటపడింది. రెండు పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 4 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను. నకలు ఇచ్చిన క్లర్కు మేడమ్, "ఇది ఇక్కడే ఉందని మాకూ తెలీదక్కా" అంది. సరిహద్దులు, వేళలు అన్నీ వివరంగా ఉన్నాయి. నిర్వహణ గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: ఖర్చు, బాధ్యత ఉభయులూ సమానంగా భరించవలెను.

ఆ "సమానంగా" అన్న మాటే పార్కును ఎండబెట్టింది. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ సగం మోటారుకు ఎస్టిమేట్ వేయడం కుదరదని ఇంజినీరు సారు చెప్పారు. పిల్లల ఫీజుల డబ్బు తీయాలంటే కాలేజీ అభివృద్ధి కమిటీలో తీర్మానం కావాలి, అవతలి సగం ఖాయం కాకుండా తీర్మానం పెట్టలేమని ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ ఎదుటివాళ్ల సగం కోసం ఎదురుచూస్తూ ఉన్నారు.

ఈసారి ప్రజావాణిలో ఒప్పందం నకలు జతచేసి, ఒకే ఒక్క కోరిక రాశాను: ఇద్దరు అధికారులూ కలిసి పార్కుకు రావాలి, ఎవరి పని ఏదో అక్కడే రాసుకోవాలి. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఆ సంగతీ రాశాను. అదే చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి, అందులో మహిళలది ఒకటి. మా వార్డు మహిళా కమిటీలో ఉన్న అక్క నలభై సంతకాలు చేయించి ఇచ్చింది.

జూన్ చివర్లో అందరూ వచ్చారు. చూస్తూ నడుస్తుండగా ఒకాయన, "ఎలాగూ ఎండిపోయింది, ముందు భాగం పార్కింగ్‌కు ఇచ్చేద్దాం" అన్నాడు. నా గుండె జారిపోయింది. బాబాయి మాత్రం నెమ్మదిగా 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తు చేశారు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెళ్లారు, కోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రికే ఇవ్వనివ్వలేదు, పార్కింగ్‌కు ఎలా ఇస్తారు అన్నారు. ఆ మాట మళ్లీ రాలేదు.

నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్కటే, ఖర్చును కాదు, పనులను పంచండి అని. గంటన్నర పట్టింది. మోటారు, పైపులు, మాలి జీతం, లైట్లు మున్సిపాలిటీకి. మీటరు పేరు కూడా వాళ్లకే మారాలి. బోరు స్థలం, కాలేజీ వైపు గోడ, వాచ్‌మన్ కాలేజీకి. మొక్కలకు రోజూ నీళ్లు పోయడం కాలేజీలోని ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలకు అప్పగిద్దామన్నారు. నేను వద్దన్నాను. ఎన్ఎస్ఎస్ వలంటీరు ఏడాదికి చేయాల్సింది 120 గంటల సేవ. మే నెలలో, మొక్కకు నీళ్లు అన్నిటికన్నా అవసరమైన రోజుల్లో, ఆ పిల్లలు సెలవుల్లో ఇళ్లకు వెళ్లిపోతారు. ప్రోగ్రాం ఆఫీసరు కూడా ఒప్పుకున్నారు. వానాకాలంలో గుంతలు తీసి నాటడం, ఏడు రోజుల క్యాంపులో పాదులు చేసి గట్లు సరిచేయడం వాళ్లకు రాశారు. రోజూ చూసే పని జీతం తీసుకునే మాలిదే, ఆయనకు సాయంగా ఇంకో మనిషి.

ఇంకొకటి. కాగితంలో మనుషుల పేర్లు రాయించలేదు, కమిషనర్, ప్రిన్సిపాల్ అని హోదాలే రాయించాం. రేపు బదిలీ అయితే కొత్తగా వచ్చినవాళ్లకు అది వర్తించదంటారేమోనని నా భయం.

మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఐదు నెలలు పట్టింది. మోటారు వచ్చేసరికి వానలు పడనే పడ్డాయి. పదమూడు కానుగల్లో తొమ్మిది బతికాయి. మిగతా నాలుగు గుంతల్లో పిల్లలు వేప పెట్టారు.

తాళాల సంగతి మాత్రం ఏ కాగితంలోనూ లేదు. మోటారు బిగించిన మర్నాడు మాలి పెద్దాయన, కాలేజీ వాచ్‌మన్ గేటు దగ్గర కూర్చుని గొలుసు విప్పారు. ఒక తాళం కొక్కేన్ని ఇంకో తాళం కొక్కెంలోకి దూర్చి, గొలుసు ఒక కొసకు ఒకటి, ఇంకో కొసకు ఇంకొకటి వేశారు. ఇప్పుడు ఏ ఒక్కటి తీసినా గొలుసు విడిపోతుంది. ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు అత్తమ్మ నా చెయ్యి వదిలి, గేటు తనే నెట్టుకుని లోపలికి వెళ్లింది.