రిహార్సల్ వారంలో ఒక మంగళవారం

ఉదయమంతా పెన్సిలుతోనే గడిచింది. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదవ సింఫనీ స్వరపత్రాలకు కమాను గుర్తులు వేయడం ఇవాళ్టికి పూర్తయింది. ఏ స్వరానికి కమాను కిందికి లాగాలో, దేనికి పైకి తోయాలో మొదటి వయొలిన్ల నాయకుడు తన ప్రతిలో రాసి ఇస్తాడు. వాటిని ఆ విభాగంలో ఉన్న ప్రతి స్టాండు ప్రతిలోకీ ఎక్కించడం ఆర్కెస్ట్రా లైబ్రేరియన్‌గా నా పని. వరుసలో ఒక్క కమాను ఎదురు దిశలో కదిలినా శ్రోతల కంటికి ఇట్టే తెలిసిపోతుంది. చెవికీ తెలుస్తుందని మా కండక్టర్ అంటారు. ఈసారి ఆవిడ ఒక్క చోట మాత్రం గుర్తులు చెరిపేయమన్నారు. రెండవ భాగం చివర తీగవాద్యాలు కొద్దిమందికి తగ్గిపోయి, మధ్యమధ్య అంతా ఆగిపోయే చోటు అది. "అక్కడ ఎవరి ఊపిరిని బట్టి వాళ్లు వాయించనివ్వండి" అన్నారు. రబ్బరుతో చెరుపుతుంటే ఆ మాట ఎంత సరైనదో నాకే అర్థమైంది.

ఆవిడ ఇక్కడికి సహాయ కండక్టర్‌గా వచ్చారు. బయటివాళ్లకు అది చిన్న పదవిలా కనిపిస్తుంది. రిహార్సల్ జరిగేటప్పుడు హాలు వెనక వరుసలో కూర్చుని, ఇత్తడి వాద్యాల కింద తీగవాద్యాలు మునిగిపోతున్నాయో లేదో చెప్పాలి. పిల్లల కచేరీలు నడపాలి. ప్రధాన కండక్టర్‌కు ఒంట్లో బాగోకపోతే, రిహార్సల్ లేకుండానైనా సరే, ఆ సాయంత్రం వేదిక ఎక్కడానికి సిద్ధంగా ఉండాలి. 1943 నవంబరులో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో అతిథి కండక్టర్ బ్రూనో వాల్టర్ జబ్బుపడితే, పాతికేళ్ల సహాయ కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ అలా ఎక్కినవాడే. మా ఆవిడ జీవితంలో అలాంటి రాత్రి రాలేదు. ఆవిడ స్కోర్లు చదువుకుంటూ, అందరి పేర్లూ తెలుసుకుంటూ ఉండిపోయారు. ప్రధాన కండక్టర్ వెళ్లిపోయాక వాద్యకారులే ఆవిడను కోరుకున్నారు.

ఈ రంగంలో చాలామంది రెండు మూడు ఆర్కెస్ట్రాల మధ్య తిరుగుతూ బతుకుతారు. కచేరీ వారంలో దిగి, ఆదివారం వెళ్లిపోతారు. వాళ్లను తప్పు పట్టలేను, ఏడాదిలో కొన్ని కచేరీలే చేసే ఒక్క ఆర్కెస్ట్రా మీద ఇల్లు గడవదు. అయినా ఒకచోట నిలబడిపోయినవాళ్ల మీదే నాకు గురి. కండక్టర్ సైమన్ రాటిల్ 1980లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాకు వచ్చి 18 ఏళ్లు అక్కడే ఉన్నాడు, 1991లో ఆ ఆర్కెస్ట్రాకు కొత్త హాలు కూడా వచ్చింది. అంతకన్నా నాకు ఇష్టమైనది జాన్ బార్బిరోలి కథ. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపినవాడు, 1943లో యుద్ధం మధ్యలో మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాకు వచ్చాడు. తీరా వచ్చి చూస్తే కచేరీకి సరిపడా వాద్యకారులే లేరు. ఆడిషన్ల మీద ఆడిషన్లు పెట్టి, బడిపిల్లవాడి చేతికి మొదటి ఫ్లూట్ ఇచ్చి, ఒక ఉపాధ్యాయురాలిని హార్న్ వాయించడానికి తీసుకుని, చుట్టుపక్కల బ్యాండ్ల నుంచి ఇత్తడి వాద్యకారులను ఏరుకుని, కొన్ని వారాల్లోనే ఆర్కెస్ట్రాను తిరిగి నిలబెట్టాడు. 1970లో చనిపోయేదాకా ఆ ఆర్కెస్ట్రాతో అనుబంధం వదులుకోలేదు. ఊరి ఆర్కెస్ట్రా ఊళ్లోవాళ్లతోనే తయారవుతుందని ఆయనకు అవసరమే నేర్పి ఉంటుంది.

మధ్యాహ్నం ఆవిడతో కలిసి బడికి వెళ్లాను. ఇలాంటప్పుడు వాద్యాలు మోయడానికి, స్టాండ్లు సర్దడానికి నేనూ వెళ్తాను, ఎవరూ అడగక్కర్లేదు. ఆవిడ ఉపన్యాసం ఇవ్వరు. ఒబో, బసూన్ అనే ఊదే వాద్యాలు వాయించేవాళ్లను ముందు నిలబెట్టి, ఒకే చిన్న బాణీని ఇద్దరితో వాయించి, ఎవరు ముసలివాళ్లలా మాట్లాడుతున్నారని పిల్లలను అడుగుతారు. తరవాత బేటన్‌ను, అంటే కండక్టర్ పట్టే చిన్న కర్రను, ఒక్కొక్కరి చేతికి ఇస్తారు. చెయ్యి నెమ్మదిగా కదిపితే పాట నెమ్మదించడం, గట్టిగా ఊపితే పెద్దదవడం చూసిన పిల్లల మొహాలు నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇవాళ వెనక కూర్చున్న ఒక అమ్మాయి ట్యూబా అనే పెద్ద ఇత్తడి వాద్యం పట్టుకున్నాయన వైపు వేలు చూపించి, "ఆయన ఏమీ వాయించడం లేదెందుకు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆవిడ ఎంత సంతోషించారో! ద్వోర్జాక్ తొమ్మిదవ సింఫనీ నాలుగు భాగాల్లోనూ ట్యూబాకు పని ఉన్నది రెండవ భాగంలో మాత్రమే. అక్కడా మొదట్లో, చివర్లో వచ్చే కొద్దిపాటి స్వరాలే. మిగతా సమయమంతా కూర్చుని వినడమే. అందుకని ఆవిడ పిల్లలందరినీ ట్యూబా వాద్యకారులుగా మార్చేశారు. పియానో మీద ఆ భాగం వాయిస్తూ, తమ వంతు వచ్చేదాకా పట్టీలు, అంటే స్వరపత్రంలో అడ్డగీతల మధ్య ఉండే తాళం గడులు, లెక్కపెట్టుకోమన్నారు. గదంతా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. వంతు వచ్చేసరికి మా ట్యూబా ఆయన ఊదాడు, పిల్లలు కూడా "ఊఁ" అంటూ కలిశారు. ఒకరిద్దరు ముందే అన్నారు. లెక్క తప్పినప్పుడు పక్కవాళ్లను వినాలని ఆవిడ వాళ్లకు చెప్పారు. పెద్ద వాద్యకారులకూ ఆవిడ చెప్పేది అదే.

ఇలాంటి పనిని పత్రికల్లో సమాజసేవ అనే వేరే గడిలో వేసి రాస్తారు. నాకది మింగుడు పడదు. హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో వెనిజులా రాజధాని కారకాస్‌లో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టినది దేశమంతటా ఆర్కెస్ట్రాలు పుట్టించింది, ప్రసిద్ధ కండక్టర్ గుస్తావో డుడమెల్ అక్కడి నుంచి వచ్చినవాడే. అమెరికాలోని బాల్టిమోర్‌లో కండక్టర్ మారిన్ ఆల్సప్ తనకు వచ్చిన మెకార్థర్ ఫెలోషిప్ డబ్బులో కొంత పెట్టి, 2008లో బడి పిల్లల కోసం ఆర్క్‌కిడ్స్ అనే సంగీత కార్యక్రమం మొదలుపెట్టింది. వీళ్లకు బేటన్ పట్టడం ఒక పని, పిల్లలకు నేర్పడం ఇంకొక పని అని లేదు. మా రెండవ వయొలిన్ల ఆఖరి స్టాండులో ఇప్పుడు వాయిస్తున్న కుర్రాడు, ఒకప్పుడు ఇలాంటి బడి మధ్యాహ్నం ఆవిడ చేతిలోంచి బేటన్ తీసుకున్నవాడే.

బడి నుంచి ఆవిడ నేరుగా ట్రస్టీల సమావేశానికి వెళ్లారు. హాలు అద్దె, అతిథి సోలోయిస్టు పారితోషికం, కాపీరైటు ఉన్న కృతుల స్వరపత్రాలకు కట్టే అద్దె, వీటి గురించే అయి ఉంటుంది. బయటికి వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. నేనేమీ అడగలేదు.

సాయంత్రం రిహార్సల్. ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు, తరగతులు ముగించుకుని వచ్చినవాళ్లు, మరో ఊరి నుంచి బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లు. ఒబో శ్రుతి ఇచ్చింది. ఆవిడ ఒక్క మాటా మాట్లాడకుండా రెండవ భాగం మొదలుపెట్టారు. ఇత్తడి వాద్యాల ఆ మొదటి స్వరాల్లో ట్యూబా వచ్చినప్పుడు, మధ్యాహ్నం పిల్లలకు చూపించినట్టే, ఆయన వైపు ముందే తల తిప్పి చూశారు. కొన్ని స్వరాల కోసం వచ్చిన మనిషికి ఆ చూపు దక్కాలి. ఆ తరవాత ఇంగ్లిష్ హార్న్ (ఒబో జాతి ఊదే వాద్యం) సోలో వచ్చింది. ఆవిడ కుడిచేతి కదలికను బాగా చిన్నది చేసి, ఎడమచేత్తో తీగవాద్యాలను అణచి ఉంచి, వాయించే అమ్మాయికి దారి ఇచ్చేశారు. నేను చెరిపేసిన చోటికి వచ్చేసరికి కమానులు ఒక్కొక్కటీ ఒక్కోలా కదిలాయి. వినడానికి ఎంత బాగుందో!

ఆఖరి భాగంలో చెల్లోలు తాళం కన్నా ముందుకు పరుగెత్తాయి. మళ్లీ మొదటి నుంచి, కాస్త నెమ్మదిగా, మళ్లీ. సమయం అయిపోతున్నా ఆవిడ గొంతు పెంచలేదు.

అందరూ వెళ్లాక స్టాండ్లు మడుస్తున్న నా దగ్గరికి వచ్చారు. వయోలాల్లో మూడవ స్టాండు పెద్దాయన ఈమధ్య పత్రం మీదికి బాగా వంగి చదువుతున్నారట. ఆయన ఏమీ చెప్పలేదు, ఆవిడే గమనించారు. "ఆయనకు చెప్పకుండానే కొంచెం పెద్ద సైజులో తీయించగలరా? ఆ స్టాండుకే అంటే బాగుండదు, వయోలాలందరికీ పెట్టండి" అన్నారు. పెద్దవి చేస్తే పేజీ మలుపులు మారిపోతాయి, ఎక్కడ విరామం ఉందో చూసి మలుపులు అక్కడికి జరపాలి, కమాను గుర్తులు మళ్లీ వేయాలి. గురువారం రిహార్సల్‌కు అందాలంటే రేపు పొద్దున్నే కూర్చోవాలి.