బేగంబజార్‌లో సముద్రపు నాచు

మా విశాఖలో ఆటు వేళ రాళ్లకు పచ్చగా అంటుకుని కనిపించే నాచును ఎవరూ వంటింటికి తేరు. హైదరాబాద్‌లో అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు, తినే నాచు కోసం ఊరు తిరగాలని ముందే అనుకున్నాను.

ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో దిగి బేగంబజార్ దాకా నడిచాం. జీడిపప్పు, అంజీర్ బస్తాల వెనకాల చైనా గ్రాస్ కట్టలు కనిపించాయి. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. నొక్కితే కరకరమంటుంది. "రంజాన్‌ల మస్తు పోతది మేడం. నీళ్లల్ల కరిగించి పాలల్ల కలపుర్రి, గంతే" అన్నాడు కొట్టతను. ఎర్ర నాచును ఉడికించి, వచ్చిన జిగురును ఆరబెడితే తయారయ్యేది ఇదే. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఎండకు కరిగిపోతుంది. ఇది ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకే మే నెల హైదరాబాద్‌లోనూ నిలుస్తుంది. 1880ల్లో రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచడానికి దీన్ని వాడమని సూచించింది అక్కడ పనిచేసే శాస్త్రవేత్త భార్య ఫానీ హెస్సె. ఆమెకు ఇది వంటింట్లో అలవాటైన సరుకు!

అయితే చైనా గ్రాస్‌కు సొంత రుచి లేదు. రుచి కోసం జూబ్లీహిల్స్ వెళ్లి నోరి షీట్లు, అంటే జపాన్ వాళ్లు తినే, కాగితంలా ఆరబెట్టిన నాచు, కొన్నాం. సాయంత్రం అక్కయ్య పొయ్యి మీద ఒక షీటును మంటకు అటూ ఇటూ చూపించాను. నల్లగా ఉన్నది చూస్తుండగానే ఆకుపచ్చకు తిరిగింది, ఇల్లంతా ఎండురొయ్యల వాసన. వేయించిన నువ్వులు, ఎండుమిరపకాయలతో కలిపి పొడి కొట్టాం. నోరిలోనే ఉప్పదనం ఉంది, ఉప్పు చిటికెడు చాలు. వేడన్నం, నెయ్యి, ఆ పొడి... బావగారు మళ్లీ వడ్డించుకున్నారు. చేపలు ముట్టని అక్కయ్య కూడా బాగుందంది. నా మటుకు కరివేపాకు పొడి పక్కన దీనికీ ఒక సీసా ఉండాల్సిందే.

నోరి ఎండు బరువులో ఇంచుమించు మూడో వంతు ప్రోటీనే. కాకపోతే ఒక్కో షీటు మూడు గ్రాములే తూగుతుంది, పప్పు మానేయడానికి వీల్లేదు. ఒకప్పుడు జపాన్‌లో దీని పంట అదృష్టం మీద నడిచేది. నోరి తన జీవితంలో ఒక దశను ఆల్చిప్పల్లో గడుపుతుందని 1949లో కాథ్లీన్ డ్రూ-బేకర్ కనిపెట్టాకే సాగు కుదుటపడింది.

నోరి కొన్న కొట్లోనే కొంబు అనే మరో సముద్రపు నాచు కూడా ఉంది, కొనలేదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. కొంబులో గ్రాముకే అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. అక్కయ్య థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ముందు డాక్టర్‌ను అడగమన్నాను.